గడ్డం పైకెత్తిన కొంగ

1976 చలికాలం. విజయవాడ గవర్నర్‌పేటలో నాకొక ఫోటో స్టూడియో ఉండేది. పెళ్లిచూపులకు పంపే ఫోటోలు, పసిపిల్లల బోర్లా ఫోటోలు, పాస్‌పోర్టు ఫోటోలు నా వ్యాపారం. పక్షుల విషయంలో వేపుడా, ఇగురా అన్నంత వరకే నా పరిజ్ఞానం. అలాంటి నా దగ్గరకు ఒక ఉదయం డేనియల్ మాస్టారు వచ్చారు. ఊళ్లోనే ఒక కాలేజీలో జువాలజీ చెప్పేవారు.

"కొల్లేరులో ఒక కొంగను ఫోటో తియ్యాలండీ," అన్నారు కుర్చీలో కూర్చోకుండానే.

"కొంగ కోసం కొల్లేరు దాకా ఎందుకండీ? బందరు కాలవ గట్టు మీద కావలసినన్ని ఉన్నాయిగా!"

పరీక్ష పేపరు మీద సున్నా వేసే ముందు చూసే చూపు ఒకటి చూసి, అప్పుడు విషయం చెప్పారు. ఆయనకు కావలసింది బిట్టర్న్ అనే జాతి కొంగ. ఎండు రెల్లు రంగు, మెడ మీద నిలువు చారలు. చలికాలంలో ఎక్కడో ఉత్తరాది నుంచి వస్తుంది, వచ్చినా రెల్లు దాటి బయటకు రాదు. అసలు మన ప్రాంతానికే రాదని డిపార్ట్‌మెంటు హెడ్ రంగారావుగారి వాదన. చూశానని మాస్టారు చెబితే, "డేనియల్ గారికి కళ్లజోడు మార్చాలి" అన్నారట స్టాఫ్‌రూములో అందరి ముందూ. అప్పటి నుంచి మాస్టారు బయట వాన పడుతోందన్నా సరే, ఎవరో ఒకరు కిటికీ దగ్గరకు వెళ్లి చూసి వచ్చేవారట.

"వేసవిలో రిటైరవుతున్నానండీ. లేనిపోనివి చెప్పే మనిషినని పేరు తెచ్చుకుని ఇంటికెళ్లడం నాకిష్టం లేదు," అన్నారు. నాకు జాలేసి ఒప్పుకున్నాను.

నా దగ్గరున్నది ట్విన్ లెన్స్ కెమెరా. డబ్బాలా ఉంటుంది, తల వంచి పైనుంచి లోపలికి చూడాలి. అందులో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనబడుతుంది. దూరంగా ఉన్నదాన్ని దగ్గరకు లాగే లెన్సు దానికి లేదు. అంటే కొంగ దగ్గరకు మనమే వెళ్లాలి. "నోరు మాత్రం తెరవకండి. చిన్న అలికిడైనా ఎగిరిపోతుంది," అని మాస్టారు దారి పొడవునా చెబుతూనే ఉన్నారు. కైకలూరులో బస్సు దిగాక కూడా ఇంకోసారి చెప్పారు.

పక్షుల్ని కొట్టరాదని బోర్డు పెట్టిన వైపు, నాంచారయ్య అనే పడవవాడి దోనెలో రెల్లు దుబ్బుల మధ్యకు వెళ్లాం. అతను గెడ వేస్తూ, చుట్ట కాల్చుకోనివ్వలేదని సణుగుతున్నాడు. మాస్టారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. నీటికాకులు, బాతులు, ఎర్రముక్కు నీలి కోళ్లు అన్నీ కనబడ్డాయి, కావలసింది తప్ప. నా కాళ్లు తిమ్మిరెక్కి, కొంగ జాతి మొత్తం మీద విసుగు పుట్టింది.

అప్పుడు మాస్టారు నా భుజం గట్టిగా నొక్కారు. రెల్లు అంచున గోధుమరంగు పక్షి ఒకటి, తల వంచి నీళ్లలోకి చూస్తూ నెమ్మదిగా అడుగులేస్తోంది. నేను కెమెరాలోకి చూశాను. అది అటు నడిస్తే నాకు ఇటు నడుస్తోంది. ఎలాగో పట్టుకుని ఫోకస్ చేశాను. తీరా చూస్తే తల కిందికి ఉంది, మొహం సరిగా పడదు. అంతే! ఇన్నేళ్లుగా పెళ్లికూతుళ్లకు చెప్పీ చెప్పీ అలవాటైన నోరు దానంతటదే తెరుచుకుంది.

"గడ్డం కొంచెం పైకి! ఆఁ, అంతే! కదలకండి!"

మాస్టారు నెత్తి మీద చేయి పెట్టుకున్నారు. కొంగ మాత్రం ఎగరలేదు. ముక్కు తిన్నగా ఆకాశానికెత్తి, మెడ సాగదీసి, కర్రలా నిలబడిపోయింది. గాలికి రెల్లు ఊగితే తనూ ఊగింది.

"ఊగకండి!" అన్నాను. ఫిల్ము రోలు మొత్తం అయ్యేదాకా ఫోటోలు తీశాను.

"మీ మాట వింటందేంటండీ అది!" అన్నాడు నాంచారయ్య నోరెళ్లబెట్టి. భయపడితే రెల్లు దుబ్బులో తానూ ఒక రెల్లు పుల్లలా నటించడం దాని స్వభావమట. మాస్టారు తర్వాత చెప్పారు. పెళ్లికొడుకులెవరూ నా దగ్గర అంత బుద్ధిగా నిలబడలేదు.

డార్క్‌రూములో ఫోటో కడిగి వెలుతురులోకి తెచ్చాను. బ్లాక్ అండ్ వైట్‌లో రెల్లూ కొంగా ఒకటే బూడిద రంగు. ఫోటో నిండా రెల్లే. కొంగ ఎక్కడుందో తీసిన నాకే తెలియలేదు.

మా వృత్తిలో దీనికి మందుంది. రీటచింగ్ అంటారు. నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో దిద్ది, మొటిమలు, మశూచి మచ్చలు మాయం చేస్తాం. "చుట్టూ ఒక్క గీత గీస్తానండీ. కన్ను కూడా పెడతాను. ఎవరికీ తెలియదు," అన్నాను.

మాస్టారు ఫోటోని నా చేతిలోంచి తీసుకున్నారు. "వద్దండీ. గీత గీస్తే అది మీ కొంగ అవుతుంది. నేను చూసింది కొల్లేరు కొంగని."

పెద్ద సైజు ప్రింటు వేసి, నేనూ వెంట వెళ్లాను. స్టాఫ్‌రూములో రంగారావుగారు దాన్ని అందుకుని, అటూ ఇటూ తిప్పి, "గడ్డి చాలా బాగా వచ్చిందండీ," అన్నారు. గది గదంతా గొల్లుమంది. నాకు ఒళ్లు మండింది.

"కొంచెంసేపు చూడండి సార్," అన్నారు మాస్టారు.

రంగారావుగారు పెద్దాయన మాట కాదనలేక చూశారు. నవ్వులు తగ్గాయి. ఇంకాస్త దగ్గరగా పెట్టుకుని చూశారు. ఉన్నట్టుండి తల వెనక్కి లాగి, ప్రింటు బల్ల మీద పడేశారు.

"డేనియల్ గారూ! ఇది నన్నే చూస్తోందండీ!"

ముక్కు పైకెత్తినా, ఆ ముక్కు కింది నుంచి రెండు కళ్లూ తిన్నగా మన వైపే చూస్తాయి. అవి కనబడ్డాక ముక్కు కనబడింది, మెడ మీది చారలు కనబడ్డాయి. "ఏదీ, ఏదీ" అంటూ అందరూ మూగారు. ఆ సందట్లో మాస్టారు ఒక పక్కన కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకోవడం నేనొక్కడినే చూశాను.

ఆ తర్వాత ఎవరైనా "ఫోటోలో నేను నాలా లేనండీ" అంటే వెంటనే పెన్సిలు తీయడం మానేశాను. కొంచెంసేపు చూడండి అనేవాణ్ణి. సగంమంది తమ మొహంతో తాము రాజీపడి వెళ్లేవారు. మిగతావాళ్లకు మాత్రం రీటచింగ్ తప్పలేదు.