మామ చేసిన మంచుబండి

మా మామ పోయారని ఫోను వచ్చినప్పుడు నేను వాకిట్లో నీళ్ళు చల్లుతున్నాను. ఆయన ఊరికి వెళ్ళి నాలుగు రోజులే అయింది. కదిరి పక్కన మా పల్లెలో చెల్లెలి మనవరాలి పెళ్ళి. పెళ్ళి బాగానే జరిగిందట. మరుసటి రోజు పొద్దున కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయారట. మా ఆయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఇంటి గోడకు ఆనించి ఉన్న, మామ చేసిన వంపు రేకు వైపు చూశాడు. ఆ చూపుతోనే నాకు తెలిసిపోయింది.

మా మామ మీలో ఎవరికీ తెలిసి ఉండరు. బెంగళూరు పక్కన జిగణిలో గ్రానైటు ఫ్యాక్టరీల వెనక ఒక వెల్డింగు షెడ్డులో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసిన మనిషి. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఇట్లా రాయడం కొత్త. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆయనతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడైనా నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

మాట్లాడలేదంటే పడక కాదు. మా ఇళ్ళల్లో కోడలు మామ ఎదుట నిలబడదు, ఆయనకు వినపడేలా నోరెత్తదు. మా అత్త కూడా వాళ్ళ మామ దగ్గర అట్లాగే ఉందట. అసలే నాకు బిడియం, కాబట్టి ఆ పద్ధతి నాకు కష్టమనిపించలేదు. కష్టమల్లా ఆయనకే. అందుకని ఆయన నాతో చెప్పాల్సినవన్నీ వస్తువులతో చెప్పేవారు. గడపలో కూర్చుని నీళ్ళ డ్రమ్మును చూస్తూ, "కాఫీ ఉండాదో, అయిపోయిందో" అనేవారు. నేను వంటింట్లోంచి గరిటెతో చెంబు మీద కొట్టేదాన్ని. ఒక దెబ్బంటే ఔను. రెండు దెబ్బలంటే లేదు.

మా అత్త నవ్వేది. "తపాలాఫీసు పెట్టించల్ల మీ ఇద్దరికీ. పొద్దస్తమానం టక్కు టక్కుమని తంతి కొట్టుకుంటాండారు."

ఆయన చెవి మీద ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. మిగతావాళ్ళు బీడీ పెట్టుకునే చోట ఆయన సుద్ద పెట్టుకునేవారు. ఎక్కడ గీత కావాలంటే అక్కడ గీసేవారు. వంటింటి గోడమీద నాకు అలమర ఎంత ఎత్తులో కావాలో కొలవాల్సి వచ్చినప్పుడు, నేను నీళ్ళకు పోయిన సమయం చూసి ఒక గీత గీసి వెళ్ళారు. వచ్చి చూస్తే సరిగ్గా నా చెయ్యి అందేంత. ఎప్పుడు చూసి కొలిచారో తెలియదు. వంకరపోయిన మేకులన్నీ సాపు చేసి ఒక డబ్బాలో దాచేవారు. "ఇనుముకు తొందర ల్యా, తొందరంతా మనదే" అనేవారు, మా ఆయన ఏదైనా పని గబగబా చేయబోతే.

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడాది వానాకాలం సంగతి చెప్తాను. అప్పుడు నేను ఆరు నెలల గర్భిణిని.

మేముండేది వరసగా పన్నెండు ఇళ్ళున్న లైను. ఇళ్ళన్నీ దారికి ఒక పక్కనే. రెండో పక్క అంతా ఖాళీ స్థలం. పైనున్న ఫ్యాక్టరీల్లో రాయిని నీళ్ళు పోస్తూ కోస్తారు. ఆ రాతిపొడి నీళ్ళలో కలిసి తెల్లటి బురద అవుతుంది. వాన పడితే అదంతా మా దారిలోకి దిగేది. ఎండితే సున్నం పరిచినట్టుండేది. తడిస్తే వెన్నలాగా జారేది. ఆ ఏడాది మోకాలి కింది దాకా వచ్చింది. నీళ్ళ ట్యాంకరు డ్రైవరు ఒకసారి లోపలికి వచ్చి ఇరుక్కుని, రెండోసారి మెయిన్ రోడ్డు మీదే ఆపేశాడు. "మీరే రాండమ్మా, నేను రాను" అన్నాడు. ఆటోలు అసలే రావు.

బిందెలతో మేమే పోయేవాళ్ళం. ఒకరోజు తిరిగి వస్తూ జారి పడ్డాను. మోకాళ్ళ మీద పడ్డాను కాబట్టి సరిపోయింది. బిందె దొర్లిపోయింది. లేచి చూస్తే షెడ్డు నుంచి భోజనానికి వస్తున్న మామ ఇరవై అడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. ఆయన దగ్గరికి రాలేరు, నేను పిలవలేను. పక్కింటామె పరుగెత్తి వచ్చి నన్ను పట్టుకుంది. ఆయన మెల్లగా వచ్చి, దొర్లిన బిందెను తీసి, చేత్తో తుడిచి, మళ్ళీ మెయిన్ రోడ్డు వైపు నడిచి వెళ్ళారు. నిండు బిందె భుజాన పెట్టుకుని వచ్చి గడప బయట దించారు. ఆ రోజు అన్నం తినలేదు.

సాయంత్రం మా లైను ఓనరు వచ్చాడు. ఆనేకల్లు వైపు పాత తెలుగువాళ్ళు. మిలిటరీలో చేసి వచ్చిన పెద్దాయన. మామ ఆయన్ని ఎప్పుడూ లేనంత గట్టిగా అడిగారు.

"స్వామీ, ఈ దావ ఇట్లే ఉంటే నెలలు నిండిన పిల్ల ఆసుపత్రికి ఎట్ల పోతాది? ఎగిరి పోతాదా?"

"ఏం చేసేదప్పా, ఫ్యాక్టరీవాళ్ళకు చెప్పి చెప్పి నాలిక అరిగిపోయె" అన్నాడు ఓనరు. "కాశ్మీరంలో ఉన్నప్పుడు చూసినా నేను. మంచు ఇంతెత్తు పడతాది. బండి ముందర పెద్ద రేకు కట్టి తోసేస్తారు. మన బురద గూడా అంతే కదప్పా, తెల్లంగానే ఉండాది" అని నవ్వాడు.

మామ నవ్వలేదు. చెవి మీది సుద్ద తీసి నేల మీద పెట్టారు. "ఆ రేకు ఎట్లుంటాది? గీసి చూపించండి."

ఓనరుకు ద్రాక్షతోట ఉన్న రోజుల్లో సాళ్ళ మధ్య దున్నడానికి కొన్న చిన్న ట్రాక్టరు ఒకటి ఉండేది. తోట పోయి ఇళ్ళ సైట్లు అయ్యాక అది కొట్టంలో పడి ఉంది. దాన్ని మామ అడిగి తెచ్చుకున్నారు. ఆదివారాలూ, పని వదిలిన సాయంత్రాలూ దాని ముందే. రెండు పాత నూనె డ్రమ్ములు నిలువునా కోసి, ఆ వంపు ముక్కలు పక్కపక్కన అతికారు. వెనకాల బలానికి, రాయి కోసి కోసి అరిగిపోయిన రంపం పట్టీలు వేశారు. ఎత్తడానికీ దించడానికీ ఒక గొలుసు, డ్రైవరు చేతికి అందేలా ఒక ఇనుప కడ్డీ. ఆయన జన్మలో మంచు చూడలేదు. ఓనరు నేల మీద గీసిన గీతలే ఆధారం.

మా అత్త వచ్చి చూసి, "మంచు యాడుండాదప్పా ఈడ, మంచుబండి చేసేదానికి?" అంది. ఆ పేరే నిలిచిపోయింది.

మొదటి రోజు లైనంతా వాకిళ్ళలో నిలబడి చూసింది. రేకు దించి ట్రాక్టరు నడిపారు. పదడుగులు బాగానే పోయింది. ఆ తర్వాత ముందర బురద కొండలా పేరుకుని చక్రాలు తిరుగుతూ నిలబడిపోయింది. రేకు రెండు కొసల నుంచీ బురద బయటికి పొర్లింది. సగం ఖాళీ స్థలంలోకి, సగం మా వాకిళ్ళలోకి. నాలుగిళ్ళ ముగ్గులు పోయాయి. పైగా రేకు అంచు కంకర తవ్వి గుంతలు చేసింది.

"యో, దావ బాగుచేస్తాండావా, ఇంట్లోకి పంపిస్తాండావా?" అని చివరింటామె అరిచింది. "మీ కోడలు ఒకపారి జారింది. ఇంక గడపలోనే జారొచ్చు మేమంతా!"

అందరూ నవ్వారు. మామ ట్రాక్టరు దిగి, మా వాకిట్లోకి వచ్చిన బురదను చూస్తూ నిలబడ్డారు. అంచుకు రబ్బరు వేస్తే కంకర తవ్వదని ఆయనకు తట్టింది. మా ఆయనతో అదే అంటున్నారు. కానీ బురద రెండు పక్కలా ఎందుకు పొర్లుతోందో, ఏం చేయాలో తెలియడం లేదు. రేకు ఇంకా వెడల్పు చేయాలేమోనని కొలుస్తున్నారు.

నాకు తెలిసింది. రోజూ ఇల్లు కడిగేదాన్ని నేనే కదా. నీళ్ళను ఎదురుగా నెడితే రెండు పక్కలా పారిపోతాయి. చీపురు ఏటవాలుగా పట్టి నెడితే అన్నీ ఒక మూలకే పోతాయి. కానీ ఎట్లా చెప్పను? మా ఆయనతో చెప్పిద్దామంటే అంతమంది మధ్యలో పిలవాలి. చెత్త ఎత్తే రేకు తీసుకుని వాకిట్లోకి వచ్చాను. పైట సర్దుకుని, ఆయనకు వీపు పెట్టి, వాకిట్లోని బురదను ముందు రేకు అడ్డంగా పట్టి నెట్టాను. రెండు పక్కలా పొర్లింది. మళ్ళీ రేకు ఏటవాలుగా తిప్పి నెట్టాను. బురదంతా ఒక్క పక్కకే, మోరీలోకి జారిపోయింది. ఇంకోసారి నెట్టాను. తల ఎత్తలేదు.

వెనకాల మామ గొంతు వినిపించింది. ట్రాక్టరుతో చెప్తున్నారు.

"ఓరి నీ... ఖాళీ స్థలం పక్కకు తిప్పల్ల రేకును. అంతేనా?"

నేను చేతిలోని రేకును మెట్టు మీద ఒకసారి కొట్టాను.

ఆ వారమే రేకు వెనక బోల్టు కన్నాలు కొత్తగా వేసి, దాన్ని ఒక పక్కకు వాల్చి బిగించారు. అంచుకు లారీ టైరు పట్టీ కోసి కట్టారు. ఈసారి బురదంతా వాకిళ్ళ నుంచి దూరంగా, ఖాళీ స్థలంలోకి చాపచుట్టలా దొర్లుకుంటూ పోయింది. ట్యాంకరు లోపలికి వచ్చింది. అరిచిన చివరింటామే మొదటి బిందె పట్టుకుంది. ఓనరు మెచ్చుకుంటే, "తెలివి నాది కాదు స్వామీ, ఆ ఇంట్లోది" అని గోడ వైపు చెయ్యి చూపించారట. మా అత్త చెప్పింది.

నాకు నొప్పులు వచ్చిన రోజు మిట్టమధ్యాహ్నం పెద్ద వాన. పైనుంచి బురద కొత్తగా దిగింది. మా ఆయన ఆటో పిలుచుకొచ్చాడు కానీ, డ్రైవరు దారి మొదట్లోనే ఆగాడు. మామ తల మీద గోనెసంచి కప్పుకుని ట్రాక్టరెక్కారు. రేకు దించి రోడ్డు దాకా తోసుకుంటూ పోయి, ఆటోను లోపలికి రప్పించి, రేకు ఎత్తుకుని ఇంటి దాకా వచ్చి, మళ్ళీ తిప్పుకుని ఆటో ముందు ట్రాక్టరు నడిపారు. ఆయన వెనక మా ఆటో. నేను అత్త భుజం మీద తలపెట్టి చూస్తున్నాను. ముందర ఆయన వీపు, పక్కకు దొర్లుతున్న తెల్లటి బురద, నల్లగా బయటపడుతున్న దారి. మెయిన్ రోడ్డు రాగానే పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. దిగివచ్చి ఆటో పక్కన నిలబడి, ట్రాక్టరు స్టీరింగు వైపు చూస్తూ అన్నారు:

"భయం ల్యాకుండా పోయి రావల్ల. ధైర్యంగా ఉండారో, లేదో."

నొప్పితో పళ్ళు బిగించి ఉన్నాను. ఆటో కడ్డీ మీద ఉంగరంతో ఒకసారి కొట్టాను.

కూతురు పుట్టింది. దాన్ని ఎత్తుకున్నాక ఆయనకు వస్తువులతో మాట్లాడే పని తగ్గింది. నాతో చెప్పాల్సిందంతా దానితో చెప్పేవారు. మంచుబండి మాత్రం ప్రతి వానాకాలం తిరిగింది. పక్క లైన్లవాళ్ళు కూడా వచ్చి అడిగేవారు. దారికి తారు పడ్డా బురద మానలేదు, ఆయనా మానలేదు.

మొన్న పెళ్ళికి బయలుదేరిన రోజు ట్యాంకరు వచ్చింది. నేను రెండు చేతులా పైపు పట్టుకుని ఉన్నాను. చుట్టూ ఆడవాళ్ళ గోల. ఆయన సంచి భుజాన వేసుకుని, గోడకు ఆనించిన రేకు దగ్గర ఆగారు. వంగి అంచు తడిమారు.

"రబ్బరు అరిగిపోయింది. పట్టీ కోసి మంచం కింద పెట్టినా. నేను వచ్చేలోపల వాన పడితే ఎవురన్నా మారుస్తారో, లేదో."

కాస్త ఆగారు. పైపు వదిలితే నీళ్ళు పోతాయి. వచ్చాక చెప్పొచ్చులే అనుకున్నాను. ఆయన ఇంకొంచెంసేపు నిలబడి, చెవి మీది సుద్ద సర్దుకుని, బస్సుకు వెళ్ళిపోయారు.

కర్మకాండలు అయి మేము తిరిగి వచ్చిన మూడో రోజు మబ్బు పట్టింది. మంచం కింది పట్టీ బయటికి లాగాను. కన్నాలు ఎక్కడ వేయాలో సుద్దతో చుక్కలు పెట్టి ఉన్నాయి. మా ఆయన డ్రిల్లు పెడుతుంటే ఆ చుక్కలు ఒక్కొక్కటే పోయాయి. బోల్టులు నేనే బిగించాను. "ఇనుముకు తొందర ల్యా" అని మా ఆయన అనబోయి ఆగిపోయాడు.

చివరి బోల్టు బిగిసేసరికి చినుకులు మొదలయ్యాయి. అందరూ లోపలికి వెళ్ళారు. నేను స్పానరుతో రేకు మీద ఒక్కసారి కొట్టాను. వంపు రేకు కదా, ఆ చప్పుడు వెంటనే పోలేదు. వాన పెరిగి దాన్ని కప్పేసేదాకా అక్కడే నిలబడి విన్నాను.