చింతకట్టె చప్పుడు

మా ఆయన నాకు స్వయానా మేనమామ, మా అమ్మకు తమ్ముడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మామా అనే పిలుస్తాను. ముప్పై ఏళ్ళు లారీ తోలాడు. బండి ఎక్కే ముందు చింతకట్టెతో టైర్లన్నిటినీ ఒక్కో దెబ్బ కొట్టి చూసేవాడు. ఖంగుమంటే గాలి నిండుగా ఉన్నట్టు, దబ్బుమంటే దిగినట్టు. ఆ చప్పుడు అతనికి ఏనాడూ అబద్ధం చెప్పలేదు.

లారీ మానేశాక ధర్మవరంలో పట్టుచీరల షావుకారు దగ్గర కారు డ్రైవరుగా కుదిరాడు. షావుకారు బెంగళూరులో పాతది చూసి కొన్న విదేశీ కారు అది. దాని టైర్లు గాలి పోయినా కుంగవు, పక్కలు అంత బిరుసు. అందుకని దానికి స్టెప్నీయే ఇవ్వలేదు. గుంతలో పడితే మాత్రం ఆ దెబ్బంతా చక్రానికీ, కూర్చున్నవాళ్ళ నడుముకూ తగిలేది.

అమ్మకు కిడ్నీలు పోయాయి. వారానికి రెండుసార్లు హిందూపురం పోయి డయాలసిస్ చేయించాలి. ఆమె వంతు పొద్దున పదకొండుకు. అది దాటితే మిషను ఇంకొకరిది. ఎప్పుడూ బస్సులోనే పోయేవాళ్ళం. వానలు పడిన ఆ వారం కాళ్ళు వాచి ఆమె బస్సు మెట్టు ఎక్కలేకపోయింది. సంగతి తెలిసి షావుకారే కారు తీసుకుపొమ్మన్నాడు.

ఊరు దాటిన కాసేపటికే, నీళ్ళు నిలిచిన గుంతలో ముందు చక్రం ధడాలున పడింది. అమ్మ నా మీదకు ఒరిగింది.

"నడుము ఇరిగెరా నాయనా! రాళ్ళ లోడు తోలినట్ల తోలుతాండావే!"

"రాళ్ళయితే నోరు మూసుకోని కూర్చుంటాయి లేక్కా" అన్నాడు మామ.

ముగ్గురం నవ్వాము. అప్పుడే స్టీరింగు ముందర పసుపు లైటు వెలిగింది. చూసింది అమ్మే.

"ఏమిరా, ఆ లైటేంటికి వెలుగుతాండాది?"

మామ బండి ఆపి దిగాడు. టైరు ఏమాత్రం కుంగలేదు. కారులోనూ వెంట పెట్టుకున్న ఆ చింతకట్టెతో కొట్టాడు. ఖంగుమంది. నేనూ విన్నాను.

"గట్టిగా ఉండాదక్కా. ఈ కార్లకు తుమ్మినా లైట్లు పడతాయి."

"నువ్వు గట్టిగా ఉండాదంటే సరే, పదరా. నా టైము పోతాది."

వంతు తప్పుతుందేమోనని మామ వేగంగానే తోలాడు. పెనుకొండ దాటి చాలా దూరం వచ్చాక కాలిన రబ్బరు వాసన కొట్టింది. దిగి చూస్తే టైరు పక్కలు పేలికలై వేలాడుతున్నాయి. చేయెత్తితే రెండు బస్సులు ఆగకుండానే పోయాయి. మామ ఎవరిదో మోటారుసైకిలు ఎక్కి పెనుకొండకు వెనక్కు పోయాడు. అమ్మను కల్వర్టు గోడ మీద కూర్చోబెట్టి, కొంగు నీడ పట్టాను. ఆమెకు ఆయాసం మొదలైంది.

మామ ఆటోనూ, పంచరు అంగడి అతన్నీ వెంటబెట్టుకొని వచ్చేసరికి పదకొండు దాటింది. అంగడి అతను చక్రం లోపలి అంచున వేలు పెట్టి చూపించాడు. వెంట్రుకంత పగులు.

"గాలి ఆ గుంతకాడే పోయిందన్నా. ఈ టైరును కొట్టి చూస్తే ఏం తెలుస్తాది? లోపల ఏమీ లేకున్నా గట్టిగానే ఉంటాది. గాలి పోతే ముందర లైటు పడతాదే, పడ్లేదా నీకు?"

అమ్మ మామను నవ్వించాలని చూసింది.

"నీ కట్టె మాట ఇని కూర్చుంటి గదరా" అంది.

అతను నవ్వలేదు. అమ్మను ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాడు.

హిందూపురం చేరేసరికి మిషన్లన్నీ నిండిపోయాయి. ఎల్లుండి పొద్దున మొదటి వంతు రాసి ఇచ్చారు. ఆ ఎల్లుండిని అమ్మ చూడలేదు. ఆమె గుండె ముందునుంచే బలహీనమని డాక్టరు మామ భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు. మామ తల ఊపాడు గానీ, ఆ మాట అతని చెవికెక్కలేదు.

షావుకారు తర్వాత ఆ కారుకు మామూలు టైర్లు వేయించి, డిక్కీలో స్టెప్నీ పెట్టించాడు. మామే తోలుతున్నాడు. ఎక్కే ముందు నాలుగు చక్రాలకూ మీటరు పెట్టి గాలి చూస్తాడు. లేచి, మళ్ళీ కూర్చుని ఇంకోసారి చూస్తాడు. చింతకట్టెను ఇంటికి తెచ్చి తలుపు మూల పెట్టాడు.

మొన్న నీళ్ళ పొయ్యిలో పెడదామని దాన్ని తీశాను. చేతిలోంచి లాక్కున్నాడు.

"ఉండనీ" అన్నాడు. "అక్క లైటు చూసె. నేను దీన్ని చూస్తి."