రాగి గడ్డి దూడ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది మా అవ్వ, ఆమెను లేపేది మా సీమావు. క్యాసంబళ్ళి పక్కన చిన్న ఊరు మాది. మా నాన్న బంగారు గనిలో భూమి లోపలి పని చేసేవాడు. గని సర్కారుదయినాక జీతం కుదురుగానే వస్తుండేది. అయినా షిఫ్టు దిగి సైకిలు మీద వస్తుంటే, మనిషి కనబడక ముందే వీధి మలుపులో ఆయన దగ్గు వినిపించేది. ఆ దగ్గు వింటే అవ్వ చేతిలో ఏ పని ఉన్నా ఆగిపోయేది.

అవ్వకు ఒకటే ఆశ. ఇంకొక ఆవు ఇంటికి వస్తే డైరీకి పోసే పాలతోనే ఇల్లు నడుస్తుంది, కొడుకు మళ్ళీ గనిలోకి దిగే పని ఉండదు. ఆ ఏడు పశువుల పరసలో, ఆ పెద్ద సంతలో, పాలు పిండే పోటీ పెడుతున్నారనీ, ఎక్కువ పాలిచ్చిన ఆవు గలవాళ్ళకు సీమ పెయ్యదూడను బహుమతిగా ఇస్తారనీ విన్నప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. ఉలవలు ఉడకబెట్టి తవుడులో కలిపి ఆవుకు పెట్టేది. కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది కడిగేది. ఆవు ఒంటి మీది నల్ల మచ్చలు నూనె రాసినట్టు మెరిసేవి. "నాకు తల దువ్వేదానికి మాత్రం నీకు తీరదు" అని నేను అలిగితే, "నువ్వేమన్నా చెంబెడు పాలిస్తావా ఏమే?" అని నవ్వేది.

పోటీ దగ్గర పడినప్పుడు మా ఆవు దూడ చనిపోయింది. సాయంత్రం దాకా పెరడంతా గెంతిన దూడ తెల్లారేసరికి కాళ్ళు చాపేసింది. ఆవు మేత ముట్టలేదు. పొదుగు రాయిలా బిగిసిపోయింది కానీ పాలు చేపలేదు. అప్పుడు అవ్వ మా వైపు పాత రోజుల నుంచి ఉన్న ఉపాయమే చేసింది. చెప్పులు కుట్టే తాత చేత దూడ తోలు ఒలిపించి, ఉప్పు రాసి ఆరబెట్టి, లోపల కొబ్బరి పీచు, పాత గుడ్డలు కూరి కుట్టించింది. దాన్ని ముందర పెడితే ఆవు వాసన చూసి, నాకి నాకి, పాలు వదిలేది.

"అవ్వా, దాన్ని మోసం చేస్తా ఉండావు కదా?" అని అడిగినాను.

"మోసమేముండాదే పాపా. పొదుగు గట్టిపడితే నొప్పి దానికే. ఇంగ నాలికతో నాకేదానికి ఏదో ఒకటి కావల్లా దానికి."

పరసకు బయలుదేరే ముందు మాత్రం అవ్వ ఒక పొరపాటు చేసింది. అన్నాళ్ళూ నాకించుకుని ఆ తోలు దూడ వడిలిపోయింది. పరసలో నలుగురి ముందర అలా కనబడితే ఆవుకే తలవంపులనుకుని, కుట్టు విప్పి పాత గుడ్డలు తీసేసి, కొత్త పంట రాగి గడ్డిని మంచిది ఏరి మరీ నిండా కూరింది. దబ్బనంతో తానే కుట్టింది. నుదుటిన బొట్టు కూడా పెట్టింది. ఎంత ముద్దుగా అయిందంటే, చూసి నాకే ఏడుపు వచ్చింది.

పరసలో పక్క ఆవును తోలుకొచ్చిన ఆయన మమ్మల్ని చూసి నవ్వాడు. "ఏమవ్వా, బొమ్మ యాడ కొన్నావు?"

"కొన్లేదప్పా. మా ఇంట్లో పుట్టింది" అంది అవ్వ. ఆయన మళ్ళీ మా వైపు చూడలేదు.

పోటీ మొదలయ్యాక దూడను ఆవు మూతి దగ్గర పట్టుకుని నేను కూర్చున్నాను. ఆవు నాకింది, చేపింది. బకెట్లో నురుగు పైకి లేస్తుంటే జనం మా చుట్టూ మూగారు. పశువుల డాక్టరు వచ్చి తొంగి చూసి తల ఊపాడు. అవ్వ పెదవులు బిగబట్టి పిండుతోంది కానీ కళ్ళలో నవ్వు దాగడం లేదు.

అంతలో నాలుక గరుకుకు పొట్ట దగ్గర కుట్టు విడిపోయింది. రాగి గడ్డి బయటికి వచ్చింది. ఆవు వాసన చూసి ఒక పరక లాగింది, నమిలింది, మళ్ళీ లాగింది. నా చేతుల్లోనే దూడ పొట్ట లోపలికి పోసాగింది.

"చూడండ్రా, బిడ్డనే మేస్తా ఉండాది!" అన్నారెవరో. పరస అంతా నవ్వింది.

ఆవు నమలడం ఆపింది. నోట్లో గడ్డి వేలాడుతుండగానే ఖాళీ తోలును మూతితో అటూ ఇటూ కదిలించి చూసింది. తలెత్తి అరిచింది. అలాంటి అరుపు నేను మళ్ళీ వినలేదు. పాలు ఆగిపోయాయి.

"టైము ఇంకా ఉండాదమ్మా, మళ్ళీ చూపించండి" అన్నాడు డాక్టరు జాలిగా. అవ్వ గడ్డిని లోపలికి తోసి మళ్ళీ పొదుగు పట్టుకుంది. "పాపా, కుట్టు కనపడకుండా గట్టిగా పట్టుకో. ఇంగ రొంత పిండితే పెయ్య మనదే."

మా నాన్న షిఫ్టు నుంచి నేరుగా అక్కడికే వచ్చి ఉన్నాడు. తాడు దాటి లోపలికి వచ్చి అవ్వ భుజం మీద చెయ్యి వేశాడు.

"లేమ్మా. చాలు."

"నీ కోసమే కదప్పా..."

"తెలుసమ్మా. నా కోసమని దాన్ని ఇంగోసారి ఏడిపించొద్దు. నేను దిగుతాలే గనికి."

ఆ మాట పూర్తయ్యేలోపే దగ్గు వచ్చింది. అవ్వ ఆయన ముఖం చూసింది. తర్వాత పొదుగు నుంచి చేతులు తీసేసి లేచింది.

నాన్న తల మీది తువ్వాలు విప్పి, దూడను ఒక్క పరక కూడా జారకుండా చుట్టి, పొలంలో పుట్టిన దూడను ఇంటికి తెచ్చినట్టు భుజాల మీద వేసుకున్నాడు. ఆవును ఎవరూ తోలలేదు. దారి పొడవునా ఆ మూటకు మూతి ఆనించి వెనకే నడిచింది. వెనక పరసలో మరొకరికి దక్కబోయే పెయ్య అరుస్తూనే ఉంది. అవ్వ మాత్రం తిరిగి చూడలేదు.

తువ్వాలు విప్పి తీసుకుని, దూడను పెరట్లో పూడ్చి, నాన్న ఆవు మెడలోని పలుపు తాడు విప్పేశాడు. అది ఆ మట్టి దగ్గర నిలబడింది. ఆయన పక్కన నిలబడ్డాడు. పొద్దు పోతున్నా దాన్ని కొట్టంలోకి రమ్మని అదిలించలేదు. ఆ ఈతకు ఆవు మళ్ళీ పాలివ్వకుండా వట్టిపోయింది. నాన్న ఊపిరి ఆడినన్నాళ్ళూ గనికి దిగుతూనే ఉన్నాడు.

ఆయన పోయాక అవ్వ ఆ తువ్వాలును చేతిలోంచి వదల్లేదు. చుట్టాలు ఉతకమన్నారు, ఏట్లో విడవమన్నారు. తీసుకోబోయిన వాళ్ళ చెయ్యి నేనే పట్టుకుని ఆపాను. అవ్వ తువ్వాలు ముఖానికి అద్దుకుంటూ వాసన చూస్తుంటే, నాకు ఆ పరసలోని ఆవే కనిపించింది.

ఇప్పుడు నేను అవ్వనయ్యాను. ఎవరి ఇంటికి పరామర్శకు వెళ్ళినా, ఇంగ ఊరుకోమ్మా అనే మాట నా నోట రాదు. వాళ్ళు ఎంతసేపు నిలబడితే అంతసేపు, ఆ సాయంత్రం మా నాన్న నిలబడినట్టు, పలుపు పట్టుకోకుండా పక్కన నిలబడతాను.