పెరిగిన పూసలు

ఇన్నేళ్లుగా నా గుండెల మీద ఒక అబద్ధం కూర్చుని ఉంది. నాలుగంటే నాలుగే మాటలు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు కూడా దాని దగ్గరికి వచ్చేసరికి ప్రార్థనను పక్కకు మళ్లించేదాన్ని. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను. మధ్యలో ఆపకండి, ఆపితే మళ్లీ మొదలుపెట్టలేను.

యుద్ధం నడుస్తున్న రోజులు. అమీర్‌పేటలో మా ఇంటి అరుగు మీద కూర్చుని పూసల గొలుసులు అల్లేదాన్ని. దారంతో కాదు, ఇత్తడి తీగతో. పూసలోంచి తీగ దూర్చి, రెండు కొసలనూ పట్టకారుతో కొండిలా వంచి, ఆ కొండికి ఇంకో పూస కొండిని తగిలించడం. చిన్నప్పుడు మిషన్ బోర్డింగులో నేర్పారు. నేను అల్లిన గొలుసు తెగదని పంజాగుట్ట దాకా పేరు. ఆ పేరు చూసుకుని నాకెంత పొగరో ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

పక్కింటి చంద్రమ్మ నేతవాళ్ల పిల్ల. ఆమె మొగుడు మల్లయ్య దర్జీ. పల్టన్‌లో సిపాయిలకు బట్టలు కుట్టే పని మీద ఏదో దూరదేశం పోయాడు. కొన్నాళ్లకు ఉత్తరాలు ఆగిపోయాయి. చంద్రమ్మ తన నల్లపూసలు తెచ్చి, దారం వద్దు, తీగతో అల్లివ్వమంది. ఆయన వచ్చేదాకా అవి మెడలో చెక్కుచెదరకుండా ఉండాలని ఆమె ఆశ. అంతకుమించి ఆ పిల్ల నన్నేమీ అడగలేదు.

కొత్త తీగ దొరకని కాలం అది. పాత గొలుసు ఒకటి విప్పి, ఆ తీగనే సాపు చేసి వాడాను. ఒకసారి వంచిన ఇత్తడిని మళ్లీ అక్కడే వంచితే పగులుతుంది. ఈ పని చేసే ఎవరికైనా తెలుసు. ఒక కొండి మొదట్లో వెంట్రుకంత పగులు కనిపించింది. చూశాను. చూడలేదని ఈ రోజు కూడా అనలేను. మళ్లీ చేయాలంటే తీగ చాలదు. పగులును పూస రంధ్రంలోకి తోసి, పైకి నున్నగా కనబడేట్టు నొక్కి ఇచ్చేశాను. ఎందుకు? బద్ధకమా? తీగ లేదని ఒప్పుకోవడానికి నామోషీయా? రెండూనేమో.

నెల తిరగలేదు. ఒక మధ్యాహ్నం వీధిలో కాకి కూడా అరవని వేళ చంద్రమ్మ వచ్చింది. గుప్పిట మూసుకుని గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు.

"అక్కా, పెరిగినయ్," అంది.

నల్లపూసలు తెగితే తెగాయని నోటితో అనకూడదని, పెరిగాయనే అంటారని నాకు అప్పటికి తెలియదు. మా ఇంట్లో పెళ్లికి ఉంగరమే కానీ నల్లపూసలు లేవు. తీగ సాగిందేమో అనుకున్నాను.

"పెరిగితే ఏమాయె? రెండు పూసలు తీసి పొట్టిగ చేస్త, ఇటియ్యి," అన్నాను. నవ్వాను కూడా.

ఆమె మొహంలో నెత్తుటి చుక్క లేదు. గుప్పిట విప్పింది. రెండు ముక్కలు. నేను దాచిన చోటే విరిగింది.

"నీ తీగ మంచిదేనా అక్కా? జర నిజం చెప్పు. తీగదే తప్పైతే నాకేం ఫికర్ లేదు."

"నా తీగ మస్తు గట్టిది," అన్నాను.

"గట్లనా," అంది చంద్రమ్మ. మళ్లీ గుప్పిట మూసుకుంది. "అయితే తీగ గాదు."

మరునాటికి ఆమె నుదుట బొట్టు లేదు. ఎక్కడి నుంచీ ఏ కబురూ రాలేదు, అయినా మొగుడు పోయాడని ఆమెకు ఖాయమైపోయింది. తిండి మానేసింది. నేను రోజూ జావ కాచుకుని వెళ్లేదాన్ని, మంచం పక్కన కూర్చుని, నోటిదాకా వచ్చిన మాటను మింగి, రేపు చెబుదాంలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, తాగని జావను అట్లాగే వెనక్కి తెచ్చుకునేదాన్ని. మూడో నెలలో ఆమె పోయింది.

తర్వాతి సంగతి మీరు నమ్మకపోయినా సరే. జానెడు గొలుసు అల్లి కిటికీలో పెట్టి, అన్నం తిని వచ్చి కొలిస్తే వేలెడు పెరిగి ఉండేది. పూసలు లెక్కపెట్టాను. అవే పూసలు. కొండి ఒక్కటీ సాగలేదు. ఇంకోటి అల్లాను. అదీ అంతే. నా చెయ్యే చిన్నదవుతోందా? చూపు తప్పుతోందా? ఎవరినైనా పిలిచి చూపిద్దామంటే ఏమని పిలవను? నోరు తెరిస్తే పెరిగినయ్ అన్న ఆ ఒక్క మాటే వచ్చేట్టుంది. ఎండ తగ్గేదాకా గొలుసును చూస్తూ కూర్చునేదాన్ని. చూస్తున్నంతసేపూ కదిలేది కాదు. తల తిప్పితే చాలు, పూసకు పూస తగిలిన చప్పుడు. భయమేసి పట్టకారు తీసుకెళ్లి బావిలో పడేశాను.

యుద్ధం అయిపోయాక మల్లయ్య తిరిగొచ్చాడు. నిక్షేపంగా. ఒంటి మీద చిన్న గాయం కూడా లేదు. వీధివాళ్లు చెప్పిందంతా విన్నాక మా అరుగు మీద కూర్చుని ఒకే ఒక్క మాట అడిగాడు.

"నేనొస్తనన్న నమ్మకం లేకుండెనా అక్కా దానికి?"

నేను తల దించుకున్నాను. అదే జవాబనుకుని లేచి వెళ్లిపోయాడు. ఇప్పుడు పంజాగుట్టలో మిషన్ కుట్టుకుంటున్నాడు. పెళ్లాం తనను నమ్మలేదనే ఇప్పటికీ అనుకుంటున్నాడు. చంద్రమ్మ ప్రాణం తీసింది చాలక, ఆయన దగ్గర ఆమె పరువు కూడా నేనే తీశాను. మీకు చెప్పాను కాబట్టి కొంచెం ఊపిరి ఆడుతోంది. సిగ్గుగా ఉంది, అయినా ఆడుతోంది.