రాటకు చుట్టిన తాడు

మొన్న మా మనవరాలు అండమాన్ నుంచి వచ్చి, సముద్రం అడుగుకు దిగడం నేర్చుకున్నానంటూ ఒక కార్డు నా చేతిలో పెట్టింది. స్కూబా డైవింగ్ అంటారట. వీపున గాలి సిలిండరు, మొహానికి అద్దం, పక్కన జోడీగా ఇంకో మనిషి ఉంటారట. నేర్పినాయన మహా చాదస్తుడట. తక్కినవాళ్ళందరికీ కార్డులిచ్చేసి, జోడీ మనిషి మీద ఒక కన్ను వేసి ఉంచడం దీనికింకా రాలేదని మరో రెండు రోజులు నీళ్ళలోనే తిప్పాడట. ఆ ఉక్రోషం దాని మొహంలో ఇంకా పోలేదు. "మంచిదేనమ్మా" అన్నాను.

మా ఈడువాళ్ళకి చెప్పనక్కర్లేదు, అరవైల్లో తెనాలి చుట్టుపక్కల సరుకంతా కాలువల మీద పడవల్లోనే నడిచేది. పడవలు ఎత్తు నీటి నుంచి పల్లపు నీటికి దిగేందుకు కట్టిన తలుపులే లాకులు, వాటిని తీసి వేసేవాడు లస్కరు. మా మేనమామ రేపల్లె దారిలో ఒక లాకు దగ్గర లస్కరు. తలుపు అడుగున సందుపడి నీళ్ళు కారుతుంటే, గోనెసంచులు పట్టుకుని మునిగి ఆ సందులో కూరి రావడం కూడా ఆయన పనే. అద్దమూ లేదు, సిలిండరూ లేదు. నడుముకో తాడు, గట్టు మీద ఆ తాడు పట్టుకున్న మనిషి, అంతే.

నాన్న పోయాక నాకూ అదే ఉద్యోగం దిక్కని అమ్మ నన్ను సంగం జాగర్లమూడి నుంచి ఆయన దగ్గరికి పంపింది. ఎండు సొరకాయలు నడుముకు కట్టి ఈతతో మొదలుపెట్టి, తర్వాత ఒళ్ళో రాయి పెట్టి అడుగున కూర్చోబెట్టేవాడు. కళ్ళు మూసుకుని తలుపుకున్న మేకుల్ని వేళ్ళతో తడిమి, ఎక్కడ ఏది వదులైందో పైకొచ్చి చెప్పాలి. ఆ తలుపు ఆయనకు కంఠతా వచ్చు కాబట్టి కోతలు కోస్తే చెల్లదు. తాడు పట్టడం మాత్రం అన్నిటికన్నా చివర నేర్పేవాడు, అదే అసలు విద్య అనేవాడు. పిడికిట్లో బిగించకూడదు, దేనికీ చుట్టకూడదు, గాలం తాడులా వేళ్ళ మధ్య ఆడుతుండాలి. కిందివాడు ఒకసారి లాగితే బాగున్నానని, రెండుసార్లు లాగితే తాడు ఇంకాస్త వదలమని, మూడుసార్లు లాగితే పైకి లాగమని. ఒడ్డున కూర్చుని ఈత నేర్చుకున్నట్టుందని నాలో నేనే నవ్వుకున్నాను.

అంతలో బాపట్లలో లస్కరు ఉద్యోగాలకు పరీక్ష పెడుతున్నారని తెలిసింది. "ఇంకో నెల ఆగరా, నీకింకా తాడు రాలేదు" అన్నాడు మావయ్య. చెవిన పెట్టలేదు. అక్కడ కాలువ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఈదమన్నారు, ఒకసారి మునిగి అడుగున వేసిన ఇటుక తీసుకురమ్మన్నారు, ఆ తడి ఒంటి మీద ఆరకముందే కాగితం మీద ముద్ర కొట్టి ఇచ్చారు. తాడు సంగతి అడిగినవాడు లేడు. ఏనుగెక్కినంత సంబరంగా తెనాలి బస్సెక్కాను, నా అదృష్టమో ఆయన దురదృష్టమో, నన్ను మావయ్య లాకుకే వేశారు.

పుష్యమాసం పొద్దున ఆయన సందు పూడ్చడానికి దిగాడు, తాడు నా చేతిలో ఉంది. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే పడవలు కట్టే రాటకు దాన్ని రెండు చుట్లు చుట్టి అరచేతులు ఊదుకున్నాను. నిజాంపట్నం నుంచి ఎండుచేపలతో వచ్చిన పడవ ఆగితే వాళ్ళతో మాటల్లో పడ్డాను. కింద నీటి వాలు ఆయన కుడిచేతిని సందులోకి గుంజేసుకుంది. మూడుసార్లు లాగాడట, ఆగి మళ్ళీ మూడుసార్లు లాగాడట. ఆ లాగులన్నీ రాటకే తెలిశాయి. "ఏంటబ్బాయ్, మీ మావ ఇంకా పైకి రాడేంటి?" అని పడవాయన అడిగాకగాని నేను తాడు అందుకోలేదు. నలుగురం కలిసి లాగాం. గట్టు మీద బోర్లా వేసి నీళ్ళు కక్కిస్తే ఊపిరి వచ్చింది. ఆ కుడిచేతికి మాత్రం మళ్ళీ ప్రాణం రాలేదు.

నేను ఏడవలేదు. ఆ రోజు నా అరచేతులకు పట్టిన మొద్దుతనం లోపలికెక్కడికో దిగిపోయింది, ఎన్నో ఏళ్ళకు ఆయన పోయినప్పుడు కూడా కరగలేదు.

తడికి తాడు ముడి జారిందని ఆయన ఆఫీసులో చెప్పబట్టి నా ఉద్యోగం నిలిచింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఒకరోజు మాత్రం నా కాగితం అడిగి తీసుకుని, ఎడమచేత్తో పట్టుకుని చివరిదాకా చదివి, "ఇందులో తాడు మాట లేదేంట్రా?" అన్నాడు. మర్నాటి నుంచి గట్టు మీద నన్ను అటు తిప్పి కూర్చోబెట్టి, తాడు రెండో కొస ఎడమచేత్తో లాగుతూ ఎన్నిసార్లో చెప్పమనేవాడు. నెల రోజులు అలాగే నేర్పాడు. సరిగ్గా నేను ఎగ్గొట్టిన నెలే.

డెబ్బైలు గడిచేసరికి సరుకంతా లారీలెక్కింది. లాకుల్లో పడవల్లేవు, తలుపుల కిందికి దిగే మనుషులూ లేరు. ఆ తాడు విద్య ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదనుకున్నాను.

మనవరాలు అటు వెళ్ళాక కళ్ళజోడు పెట్టుకుని దాని కార్డు రెండువైపులా తిప్పి చూశాను. దాని పేరుంది, ఫొటో ఉంది. జోడీ మనిషి మాట ఇందులోనూ లేదు. కానీ దానికి అది వచ్చేదాకా ఈ కార్డు ఇవ్వలేదు.