మొదటి బిందె

నా చిన్నప్పుడు తాగిన ఒక దోసెడు నీళ్ల సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు.

నాన్న మమ్మల్ని వదిలేసి పోయాక అమ్మా నేనూ పట్నంలోని తొండియార్‌పేట నుంచి మనలి అవతల పెద్దమ్మ ఊరికి చేరాం. పెద్దమ్మకు భర్త లేడు. పంచాయతీ ప్రెసిడెంటు పదవి ఆడవాళ్లకు కేటాయించినప్పుడు, అడ్డొచ్చే మొగుడు లేడనే ఊరి మగవాళ్లు ఆమెను నిలబెట్టారు. “వదిన ఆడ సంతకం పెడితే చాలు, ఈడ పనులు నేను జూసుకుంటా” అని ఆమె మరిది టీ కొట్టు దగ్గర అందరినీ నవ్వించేవాడు.

ఆమె మాత్రం కొత్త చేతిపంపు మా వీధిలోనే వేయాలని పట్టుబట్టింది. మగదిక్కు లేని ఇళ్లన్నీ ఆ చివరే ఉండేవి. పై వీధి బావి దగ్గర మా వంతు వచ్చేసరికి చేదలో బురదే మిగిలేది. మరిది పంపు తన గుమ్మం ముందుండాలన్నాడు. అతనితో మాటలు తెగిపోయినా పెద్దమ్మ వెనక్కి తగ్గలేదు. పంపు మా వీధికే వచ్చింది.

అయితే కొత్త నీళ్లు ముత్తైదువే తోడాలన్నారు. తాళి లేని చెయ్యి ముందు పడితే నీళ్లు ఉప్పెక్కుతాయట. బోరు వేసిన పనివాళ్లు కొట్టి చూసింది లెక్కలోకి రాలేదు, వాళ్లు మగవాళ్లు కదా. మరిది భార్య చేత తోడిద్దామన్నారు. పెద్దమ్మ సరేనని తలూపింది.

పంపుకు పూజ చేసే రోజు తెల్లవారకముందే నన్ను లేపి పంపు దగ్గరికి తీసుకుపోయింది. పిడికి కట్టిన మామిడాకులు రాలకుండా మెల్లగా కొట్టి, బిందె నింపి, నా దోసిట్లో పోసింది.

“ఉప్పగా ఉండాయా?”

లేదన్నాను. చాలా తియ్యగా ఉన్నాయి.

“నీకు తెలిస్తే చాల్లే” అని నవ్వింది.

పొద్దెక్కాక పూజ చేసి మరిది భార్య పంపు కొట్టింది. తాగినవాళ్లంతా అది ఆమె చేతి చలవే అన్నారు. మరిది మెడలో దండ వేశారు. ప్రెసిడెంటు మా అమ్మ పక్కన, గుంపు వెనకాల నిలబడింది.

తర్వాతి వేసవుల్లో చుట్టుపక్కల బావులన్నీ ఉప్పెక్కాయి, మా పంపు కూడా. అప్పుడు గుర్తొచ్చింది ఊరికి, తమ ప్రెసిడెంటు ఎవరో. విధవ ఏలుబడి ఇలాగే ఉంటుందన్నారు. ఇక ఆ తెల్లవారుజాము మాట బయటపెట్టే దారి లేకపోయింది. చెబితే వాళ్లన్నదే నిజమైపోతుంది.

ఇప్పటికీ ఎక్కడ కొత్త నీళ్లు తాగినా నా నాలుక ముందు ఉప్పు వెతుకుతుంది. పెద్దమ్మ చివరిరోజుల్లో ఆసుపత్రిలో నేనే గ్లాసు పట్టి తాగించాను. రెండు గుక్కలు మింగి, నా చెయ్యి పట్టుకుని, ఒక్క మాటే అంది.

“తియ్యంగా ఉన్నప్పుడే జెప్పేసుండాల పాపా.”