వణకని నీళ్ళు

వీధిలో అతని పేరు సొంతచెయ్యి. ఆ పేరు పెట్టింది అతని షాపుకి ఎదురుగా ఉన్న టీ కొట్టతను. ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే ఆ ఇరుకు షాపుకొచ్చి ఎవరైనా ఫలానాది కొన్నామని చెబితే చాలు, అతను ముఖం చిట్లించి, సొంతచెయ్యితో చేసిపెట్టేవాణ్ణి కదా అనేవాడు. బజారు స్పీకర్లంటే మరీ చులకన. వాటిని అట్టపెట్టెలనేవాడు. ఊరికే అనడమే కాదు, చేసేవాడు కూడా. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. చెడిపోయినవి విప్పి చూసి, రెండుసార్లు పాడుచేసి మూడోసారికి పట్టుకున్న పని.

అందుకే చెల్లెలి ఇంట్లో దరువు మోగించే స్పీకరు పెట్టె, పాత సబ్‌వూఫర్, కాలిపోయి, ఆమె భర్త కొత్తది కొనుక్కొస్తానంటే అతను ఒప్పుకోలేదు.

చెల్లెలికి చిన్నతనంలో జ్వరం వచ్చి వినికిడి పోయింది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. తన మాట కాస్త ముద్దగా వస్తుంది. అయినా ఆమె డాన్సు టీచరు. మేడమీద చెక్కపలకల నేల ఉన్న గదిలో క్లాసు. సబ్‌వూఫర్ దరువు పలకల్లోకి దిగి ఆమె ఉత్తకాళ్ళకు తగులుతుంది. పాటలో ఆమెకు అందేది అదొక్కటే. దాన్ని పట్టుకునే గదినిండా ఉన్న ఆడవాళ్ళ చేత అడుగులు వేయిస్తుంది. దరువు లేకపోతే క్లాసు లేదు.

"నేనుండగా నా చెల్లెలి ముందు అట్టపెట్టె పెడతావా బావా?" అన్నాడు. ఆ మాటతో బావ కొనే ఆలోచన మానుకున్నాడు.

పెట్టె మాత్రం ఒక పట్టాన తెమల్లేదు. మందపాటి ప్లైవుడ్ కోశాడు. మూలల దగ్గర వెంట్రుకంత సందు కనిపిస్తే పక్కనపడేసి మళ్ళీ కోశాడు. గాలి బయటికి పోకుండా అతుకులన్నిటికీ లోపలినుంచి జిగురు పట్టించాడు. దూది కూరాడు, నచ్చక తీశాడు, మళ్ళీ కూరాడు. ఈలోగా చెల్లెలి క్లాసు బావ కాలిమీద నడిచింది. అతను గోడవార నిలబడి, పాట వింటూ, మడమతో నేలను తొక్కుతూ ఆమెకు దరువు అందించేవాడు. కాలు వాచి కుంటుతుంటే, మీ అన్నగారి పెట్టె వచ్చేలోపు నాకు కొయ్యకాలే గతి అని ఆమెతో నవ్వుతూ అనేవాడట. ఆడవాళ్ళు కొందరు మానేశారు కూడా.

చివరికి పెట్టె వచ్చింది. నలుపు పాలిష్‌తో అద్దంలా ఉంది. అడుగున నాలుగు మూలలా దళసరి రబ్బరు బిళ్ళలు బిగించాడు. పెట్టె అదురు నేలకు పాకితే కిటికీలు గొణుగుతాయి, పాట బురదైపోతుంది. మంచి పనివాడు ఆ అదురును పెట్టెలోనే కట్టేస్తాడు. అది చూపించడానికి ఒక గ్లాసు నిండా నీళ్ళు పోసి పెట్టె పక్కన నేలమీద ఉంచాడు. పాట గట్టిగా పెట్టాడు. గది నిండింది. గ్లాసులో నీళ్ళు అద్దంలా నిలిచే ఉన్నాయి.

"చూశారా? ఒక్క వణుకు లేదు. ఇది బజారులో దొరుకుతుందా?"

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే ముందు కొట్టింది చెల్లెలు.

ఆ నీళ్ళ సంగతి అతను షాపులో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. టీ కొట్టతనికి కంఠతా వచ్చేసింది. చెల్లెలి ఇంటికి ప్రతి ఆదివారం వెళ్ళి పెట్టెను బట్టతో తుడిచి వచ్చేవాడు. ఒకసారి పలకలమీద గీతలు కనిపించి, దీన్ని ఎత్తి పెట్టాలిగాని ఈడ్చకూడదని బావకు క్లాసు పీకాడు. బావ తలూపాడు.

తర్వాత ఒక పనిరోజున ఆ వీధిలోనే ఎవరింట్లోనో ఫ్యాను బిగించి, ఎలాగూ వచ్చాను కదా అని మేడ ఎక్కాడు. మెట్ల కమ్మీమీద వేసిన చెయ్యి జివ్వుమంది. నా పెట్టే, అనుకుని ఛాతీ ఉబ్బించాడు. రెండు మెట్లెక్కాక కాళ్ళు ఆగాయి. తన పెట్టె అయితే కమ్మీ అదరకూడదు.

తలుపు దగ్గరికి వెళ్ళి చూశాడు. తన పెట్టె మూలన ఉంది. దానిమీద దుప్పటి, దుప్పటిమీద ఆడవాళ్ళ చేతిసంచులు. గది నడుమ, ఒక బజారు సబ్‌వూఫర్ బోర్లా పడుకుని, నేలను గుద్దుతోంది. చెల్లెలు అటు తిరిగి ఉంది. ఆమె పాదాలు ఎక్కడా తడబడటం లేదు. వాళ్ళ మంచినీళ్ళ సీసా పలకలమీద వణుకుతోంది.

ఒకావిడ అతన్ని చూసి నవ్వింది. అతను చెయ్యి అడ్డంగా ఊపి, దొంగలా దిగిపోయాడు.

ఆ గీతలు ఎందుకు పడ్డాయో అప్పుడు అర్థమైంది. తను వచ్చే ఆదివారమల్లా వాళ్ళు బజారుదాన్ని దాచి, తన పెట్టెను మధ్యలోకి ఈడుస్తున్నారు. వెళ్ళగానే మళ్ళీ మూలకు. దానికి తను వాళ్ళనే తిట్టాడు.

చూడనట్టే ఉండిపోదామనుకున్నాడు. భార్యతో చెప్పుకుంటూ, నా మీద ఎంత గౌరవమో చూడు అని పేలవంగా నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"గౌరవం కాదండీ. భయం. మీ మొహం మాడుతుందని వాళ్ళింట్లో వాళ్ళే దొంగల్లా తిరుగుతున్నారు" అంది.

ఆదివారం వెళ్ళాడు. నల్లపెట్టె మధ్యలో సిద్ధంగా ఉంది. తుడిచే బట్ట బయటికి తియ్యలేదు. గ్లాసు అడిగి నీళ్ళు పోసి నేలమీద పెట్టాడు. పాట పెట్టాడు. నీళ్ళు కదల్లేదు. చెల్లెలికి ఎదురుగా, తన పెదవులు కనిపించేలా నిలబడ్డాడు.

"ఇది నీ కాళ్ళకి తెలుస్తోందా అమ్మా?"

ఆమె భర్త వైపు చూసింది. "తెలుస్తోంది అన్నయ్యా. బాగా."

అతను వంగి గ్లాసు వైపు వేలు చూపించాడు. ఆమె దాన్ని చూసి తల దించుకుంది.

"రెండోది తీసుకురా బావా" అన్నాడు. బావ పక్కగదిలో మంచం కిందనుంచి లాగి తెచ్చాడు. దాన్ని బోర్లించి అదే పాట పెట్టగానే నీళ్ళ మీద వలయాలు లేచాయి.

అతను స్క్రూడ్రైవరు తీసి తన పెట్టెను పడుకోబెట్టి రబ్బరు బిళ్ళలు నాలుగూ విప్పాడు. ఎంతో ముచ్చటపడి బిగించినవి, విప్పడానికి ఏమంతసేపు పట్టలేదు. పెట్టెను ఉత్త నేలమీద నిలిపి, మళ్ళీ పాట పెట్టి, నిజం చెప్పమన్నాడు. ఆమె కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది.

"వస్తోంది. కానీ మెత్తగా, ఆలస్యంగా. అది తడుతుంది అన్నయ్యా. ఇది తోస్తుంది. తోస్తే అడుగు వెయ్యలేను."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు. చూపించావు."

కోపంగా అనలేదామె. పెట్టెను కట్టిందీ, శ్రుతి చేసిందీ, చెవి ఆన్చి మురిసిందీ అంతా తన చెవుల కోసమే. వినపడని మనిషికి చెవులతో పెట్టె కట్టాడు. ఆమెకు కావలసిన ఒక్క వణుకును కష్టపడి, జిగురు పెట్టి, రబ్బరు పెట్టి ఆపాడు. అది చాలక గ్లాసు పెట్టి మరీ ఊరందరికీ చూపించాడు.

బావ ఒక చెయ్యి వేస్తానన్నా వద్దన్నాడు. పెట్టెను రొమ్ముకు ఆనించుకుని ఒక్కడే మెట్లు దిగాడు. పాలిష్‌లో తన మొహం కనిపిస్తుంటే తల పక్కకు తిప్పుకున్నాడు.

షాపు ముందు దించుతుంటే టీ కొట్టతను కేకేశాడు. "ఏం సొంతచెయ్యీ, నీళ్ళు వణకని పెట్టె వెనక్కొచ్చిందే? చెల్లెలికి ఏం పెట్టావు మరి?"

రిపేరు అని చెప్పడానికి నోరు తెరిచాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకుని అతని వైపే చూస్తున్నారు. వాళ్ళందరికీ నీళ్ళ కథ తెలుసు.

"కొన్నది" అన్నాడు. "మా చెల్లికి కొన్నదే పనికొచ్చింది."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది అతనికి. పెట్టెను లోపలికి ఈడ్చుకుంటూ వెళ్ళాడు.